క్వార్టరు... కుడుకముక్క!

గోదావరిఖనిలో ‘క్వార్టర్’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి సింగరేణి కంపెనీ ఇచ్చే ఇల్లు. రెండోది 180 మిల్లీలీటర్ల సీసా. ‘క్వార్టర్ దొరికిందా అన్నా?’ అని ఎవరైనా అడిగితే, ఏ క్వార్టర్ సంగతో అడిగిన మనిషి మొహం చూసి తెలుసుకోవాల్సిందే. మొదటిది దొరకాలంటే సీనియారిటీ కావాలి. రెండోదానికి అలాంటి పట్టింపులేం లేవు. అన్నట్టు, ఫుల్లు సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లు. నాలుగు క్వార్టర్లు కలిపితే వచ్చేది 720. పేరుకే పావు గానీ అది పావు కాదు. అయినా ఈ లెక్క మీద ఎవరూ ఎప్పుడూ ధర్నా చేసిన దాఖలా లేదు... సమ్మెలకు పేరుపడ్డ ఊళ్లో కూడా!

ఈ క్వార్టర్ పక్కన ఏం పెట్టుకోవాలన్నదే అసలు ముచ్చట. విస్కీకి ఏ చీజ్ జత కుదురుతుందన్నది పాశ్చాత్య దేశాల్లో ఓ పెద్ద విద్య. తేలికపాటి విస్కీకి వెన్నలాంటి మెత్తని చీజ్, షెర్రీ పీపాల్లో మాగిన దానికి ఏడాదీ రెండేళ్లూ నిల్వచేసిన చెడ్డార్, పొగవాసన కొట్టే దానికి నీలం చారల బూజు చీజ్... ఇలా సాగుతుందది. వినగానే ‘ఉన్నోళ్ల వేషాలు’ అనిపించడం సహజం. కానీ తాగేదానికీ తినేదానికీ జత కలపడం బొగ్గు బెల్టుకు కొత్తేమీ కాదు. విస్కీ రాకముందే అక్కడ ఆ విద్య ఉంది. విస్కీ వచ్చాకే పాడైంది.

బాయి పనికి (గనిని అక్కడ బాయి అనే అంటారు) వచ్చినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల మనుషులు. వస్తూ వస్తూ కల్లు మండువా మర్యాదల్నీ వెంట తెచ్చుకున్నారు. తాటికల్లు, ఈతకల్లు దేని రుచి దానిది. చెట్టు మీంచి లొట్టి దిగిన పొద్దుటిపూట తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది. పొద్దుగూకే వేళకు నాలుకను కొరుకుతుంది. అందుకే పొద్దుటి కల్లుకు ఉప్పేసి ఉడికించిన బొబ్బర గుడాలో శనగ గుడాలో చాలు. పులిసిన కల్లుకైతే బోటికూర ఉండాలి, నల్ల ఉండాలి, కాకపోతే నిప్పుల మీద కాల్చిన ఎండుచేపైనా ఉండాలి. పులుపు కొవ్వును కోస్తుంది, కొవ్వు పులుపును అణుస్తుంది. ఏ పుస్తకంలో చదివి కలిపిన జతలు కావవి. తరాలపాటు నాలుక చెప్పగా కుదిరినవి. హైదరాబాద్‌లో ‘చాక్నా’ అంటే మేక పేగులూ పొట్టతో వండే ఘాటైన పులుసు. ఉత్తరాదిలో అదే మాటకు మందులోకి నంజుకునే చిరుతిండి అని అర్థం. మాటలోనే జత కుదిరిపోయింది!

కల్లుకు ఇంకో గుణముంది. అది ఇంట్లోకి రాగలదు. తొలి చుక్కలు మైసమ్మకు సాకపోసి, తర్వాత ముంత ముసలవ్వ చేతికిచ్చే ఇళ్లు ఆ పల్లెల్లో ఎన్నో. దసరా నాడు జమ్మి పెట్టుకుని వచ్చాక తండ్రీ కొడుకూ ఒకే చాప మీద కూర్చోవడం తప్పుకాదు. కల్లులో ఆల్కహాలు నాలుగు నుంచి ఆరు శాతం దాకా ఉంటుంది. సీసా విస్కీలో 42.8 శాతం. ఆ తేడా ఒళ్లుకే కాదు, ఇంటికీ తెలుస్తుంది. విస్కీ ఎప్పుడూ గుమ్మం బయటే ఉండిపోయింది. షాపు వెనకాల, చెట్టు చాటున, పర్మిట్ రూములో నిలబడి... గటగటా.

మధ్యలో సారా కథ ఒకటి నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో కొంగు బిగించడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు... ఇవన్నీ తెలిసినవే. సారా ప్యాకెట్టు పోయింది. దాని స్థానంలోకి రంగునీళ్ల సీసా వచ్చి కూర్చుంది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్మే చవక రకాల్లో అధికభాగం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. బార్లీ వాసన కోసం కాస్త మాల్టు, రంగు కోసం కాస్త కారమెల్. ఐరోపాలో అయితే మొలాసిస్ సరుకుకు విస్కీ అన్న పేరే పెట్టనివ్వరు.

తాగేది అలా మారిపోయింది. మరి నంజుకునేది? అది మాత్రం మారలేదు! అదే కారం, అదే మసాలా. కల్లు పక్కన ఉండాల్సిన వేపుళ్లన్నీ తిన్నగా విస్కీ పక్కకు వచ్చాయి. వాటికి తోడు పచ్చిమిర్చి ముక్కలు తగిలించిన మిక్చరు పొట్లం, ఎర్రగా మెరిసే చికెన్ ముక్కలు. ఇక్కడే చిక్కుంది. మిరపకాయ మంటను పసిగట్టే నాడులే మద్యం ఘాటుకూ స్పందిస్తాయి. కారం తిన్న నోట్లో విస్కీ పోస్తే మంట రెట్టింపవుతుంది. ఆ మంట ఆర్పడానికి ఇంకో గుక్క. దానికి ఇంకో ముక్క. అలా అరగంటలో క్వార్టర్ ఖాళీ. అందులో ఉన్న అసలు ఆల్కహాలెంతో తెలుసా? దాదాపు 77 మిల్లీలీటర్లు. బ్రిటన్ వైద్యాధికారులు 2016లో సూచించిన లెక్క ప్రకారం ఒక మనిషి వారం మొత్తానికి దాటకూడని మోతాదు 140. అంటే వారం కోటాలో సగానికి పైగా అరగంటలో లోపలికి పోయినట్టే. ఎంత తక్కువ తాగినా పూర్తి క్షేమం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ మాట వేరే సంగతి.

బాయి దిగొచ్చిన మనిషికి ఈ అరగంట మరీ చేటు. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు... ఈ మూడు గంటలతోనే ఖని గడియారం తిరుగుతుంది. నైట్‌షిఫ్టు దిగినవాడికి సాయంత్రమంటే పొద్దున ఏడింటికి మొదలవుతుంది. భూమి లోపలి ఉక్కకు ఒంట్లో నీరంతా చెమటై పోయుంటుంది. కడుపులో ఎప్పుడో తిన్న టిఫిను డబ్బా. ‘గొంతులో దుమ్ము దిగాలంటే చుక్క పడాలె’ అన్నది అక్కడ తాతల నాటి నమ్మకం. దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, చుక్క పోయేది కడుపులోకి. రెంటికీ దారులే వేరు. పైగా మద్యం ఒంట్లో మిగిలిన నీటిని కూడా బయటికి తోడేస్తుంది. ఖాళీ కడుపు కాబట్టి తిన్నగా చిన్నపేగుల్లోకి జారి నిమిషాల్లో నెత్తురులో కలుస్తుంది. కొవ్వూ మాంసకృత్తులూ ఉన్న తిండి కడుపులో ఉంటే ఆ జారుడు నెమ్మదిస్తుంది. చీజ్ ముక్క చేసే పని సగం ఇదే. మిగతా సగం నాలుక మీద చేస్తుంది. ఘాటుకూ నాలుకకూ మధ్య సన్నని కొవ్వు పొర పరుస్తుంది.

ఇదంతా గోదావరిఖనిలో ఓ పెద్దాయనకు ఆయన కొడుకే చెప్పాడు. పెద్దాయన ఇంక్లైన్ గనిలో షాట్‌ఫైరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు పొరకు రంధ్రాలు వేయించి, మందు కూరి పేల్చడం ఆయన ఉద్యోగం. (మందు అన్న మాటకు కూడా అక్కడ రెండర్థాలు!) బాయి లోపల ఎంత జాగ్రత్త మనిషో, పైకొచ్చాక అంత కాదు. షిఫ్టు దిగాక క్వార్టర్ ఆయనకు ముప్ఫయ్యేళ్ల అలవాటు. కానీ కొడుకు ముందు ఒక్కనాడూ తాగలేదు. కొడుకూ తండ్రి ముందు తాగలేదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడుకోరు. ఎన్ని ఇళ్లలో లేదు ఈ నాటకం!

నాటకంలో మూడోపాత్ర ఆ ఇంటి ఇల్లాలిది. జీతం చేతికిచ్చే రోజుల్లో పిల్లాణ్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో ఆమె ఒకరు. బియ్యం బస్తాకు ఎన్ని క్వార్టర్లో, పిల్లాడి ఫీజుకు ఎన్ని క్వార్టర్లో ఆమెకు నోటి లెక్క. ఒక ఏడాది నాగాలు ఎక్కువై మస్టర్లు వందకు తగ్గేలా ఉంటే, ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని, నెలలపాటు రోజూ పొద్దున లేపి, టీ తాగించి గేటుదాకా వెంట నడిచిందావిడ. కంపెనీ పుస్తకాల్లో ఆ మస్టర్లన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి.

కొడుకు చదువుకుని స్కాట్లండ్ వెళ్లాడు. ఎడిన్‌బరోలో ఉద్యోగం. ఓ దసరాకు వస్తూ సీసా ఒకటి తెచ్చాడు. హైదరాబాద్‌లో దిగి ఓ పెద్ద సూపర్‌మార్కెట్‌లో మూడు రకాల చీజ్ కొని, ఐసుముక్కల మధ్య పెట్టుకుని భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. కాజీపేట దాటేసరికి నీలం చారల చీజ్ తన సంగతి బోగీకంతా చెప్పేసింది. ఎదుటి సీటాయన రెండుసార్లు తన చెప్పులకేసి చూసుకున్నాడట.

ఇంటికొచ్చాక ‘అమ్మా, ఇంగ్లిష్ జున్ను తెచ్చిన’ అన్నాడు. నిఘంటువుల్లో చీజ్‌కు జున్ను అనే ఉంటుంది. పాపం అందులో అతని తప్పేం లేదు. జున్నంటే బర్రె ఈనిన తర్వాత వచ్చే తొలిపాలతో, బెల్లం, మిరియాలు వేసి వండేదని తెలిసిన ఆ తల్లి ఎంతో ఆశగా ముక్క నోట్లో వేసుకుంది. ‘గిదేం జున్నురా, సబ్బు లెక్కున్నది!’ అంది. మన జున్ను వేడికే గడ్డకడుతుంది. చీజ్‌ను విరగ్గొట్టి, నీళ్లు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెడతారు. పాలు నిల్వ చేసుకునే ఉపాయమది. మనం ఆ ఉపాయం నెయ్యితో సాధించాం కాబట్టి చీజ్ జోలికి పోలేదు.

అలాయ్‌బలాయ్‌లు అయిపోయి, వచ్చిన చుట్టాలు వెళ్లాక, కొడుకే ధైర్యం చేశాడు. సీసా తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. నాలుగు పక్కలూ చూసి ‘కూసో బాపూ’ అన్నాడు. పెద్దాయన చాలాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. గ్లాసులో రెండు వేళ్ల మందం పోసి, చెంచాడు నీళ్లు కలిపి అందిస్తే అలవాటు కొద్దీ ఒక్క గుక్కలో ఎత్తబోయి, వాసన తగలగానే ఆగిపోయాడు.

‘ఇది బాయి కాలుతున్న వాసన గదరా!’

అది ఐలా ద్వీపపు విస్కీ. అక్కడ మొలకెత్తిన బార్లీని పీట్ పొగ మీద ఆరబెడతారు. ఆ పొగే జన్మంతా విస్కీని అంటిపెట్టుకుని ఉంటుంది. పీట్ అంటే వేరే ఏదో కాదు, బొగ్గుకు బాల్యం. చిత్తడి నేలల్లో నాచూ గడ్డీ పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుపోతే పీట్. అదే భూమి అడుగుకు చేరి కోట్ల ఏళ్లు నలిగితే బొగ్గు. సింగరేణి బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. ఇక తవ్వి వదిలేసిన చోట గాలి సోకి, బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకోవడం గోదావరిలోయ గనులకు పాత శత్రువు. మంట కనిపించడానికి ముందే వాసన కనిపెట్టాలి. ఆ వాసన ముక్కుకు తగిలిన రోజున ఎంతమందిని హడావుడిగా పైకి పంపించాల్సి వచ్చిందో, ఏ దారికి అడ్డంగా గోడ కట్టాల్సి వచ్చిందో పెద్దాయనకు తెలుసు. కొడుకు అంత ఖరీదు పెట్టి తెచ్చింది సరిగ్గా దాన్నే!

ఆ రాత్రి ఆయన బాయి ముచ్చట్లు చెప్పాడు. ఇంట్లో ఎప్పుడూ చెప్పనివి. మధ్యమధ్య కొడుకు చీజ్ ముక్కలు అందించాడు. వెన్నలాంటి మెత్తనిది పొగవాసన ముందు ఆనలేదు. చెడ్డార్ నయమనిపించింది. ఉప్పగా, కాస్త పుల్లగా, నమిలేకొద్దీ రుచి తేలింది. నీలం చారలది పొగ విస్కీకి అన్నిటికన్నా గొప్ప జత అంటారు. ఉప్పు, ఘాటు, పొగ మూడూ సమఉజ్జీలు. పెద్దాయన దాన్ని మర్యాదగా కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. జత కుదరడానికి రుచి ఒక్కటే చాలదు, చిన్నప్పటి నుంచీ తిన్న జ్ఞాపకం కూడా ఉండాలేమో.

పీపాల్లో మాగుతున్నప్పుడు విస్కీ కొంత ఆవిరైపోతుందనీ, దాన్ని ‘దేవదూతల వాటా’ అంటారనీ కొడుకు చెప్పాడు. స్కాట్లండ్ చలిలో ఏడాదికి రెండు శాతం పోతే, బెంగళూరు వేడిలో పది పన్నెండు శాతం పోతుంది. అయినా అమృత్ వాళ్లు అక్కడ మాగబెట్టిన సింగిల్ మాల్టును 2004లో తీసుకెళ్లి గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు. ‘దేవదూతల వాటా అంటే... సాక అన్నట్టు’ అన్నాడు పెద్దాయన. ఇంతకన్నా మంచి అనువాదం ఏ పండితుడు చేయగలడు?

కొడుకు చెప్పిన ఇంకో సంగతి ఆయన్ని ఎక్కువసేపు పట్టుకుంది. ఎడిన్‌బరోకు దగ్గర్లో న్యూటన్‌గ్రేంజ్ అని బొగ్గుగని ఊరుంది. అక్కడి లేడీ విక్టోరియా గని 1981లో మూతపడింది. ఇప్పుడది స్కాట్లండ్ గనుల మ్యూజియం. ఆ ఊళ్లో 1899లో డీన్ టావెర్న్ అనే మద్యశాల పెట్టారు. పెట్టించింది బొగ్గు కంపెనీయే. స్వీడన్‌లోని గొథెన్‌బర్గ్ పట్టణంలో 1860ల్లో మొదలైన పద్ధతి అది. మద్యశాల మీద పెట్టుబడి పెట్టినవాడికి ఇంత అని స్వల్పంగా వడ్డీ కట్టేసి, మిగిలిన లాభమంతా ఊరికే ఖర్చు పెట్టాలి. స్కాట్లండ్ గనుల ఊళ్లలో అలాంటివి చాలా వెలిశాయి. ఆ సొమ్ముతో పార్కులు, గ్రంథాలయాలు, ఆటస్థలాలు వచ్చాయి. జనాన్ని తాగించి లాభం గుంజాలన్న యావ అమ్మేవాడికి ఉండకూడదన్నది దాని కిటుకు. తాగుడేం మాయమైపోలేదు గానీ, తాగినవాడి డబ్బు కొంతైనా అతని పిల్లలు ఆడుకునే చోటికి తిరిగొచ్చింది. ఖనిలో క్వార్టర్ల మీద పోయిన డబ్బు ఖనికి ఎంత తిరిగొచ్చిందో పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఊరుకున్నాడు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆమె స్టీలు గిన్నె ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది. వేయించిన పల్లీలు, సన్నగా కోసిన కుడుకముక్కలు. కారం లేదు. ‘ఆ సబ్బు కన్నా ఇవి నయం’ అంది. పెద్దాయన కుడుకముక్క కొరికి, ఓ చిన్న గుక్క తాగి, తలెత్తి కొడుకు వంక చూశాడు. జత కుదిరింది! కుదరక ఏం చేస్తుంది? విస్కీ మాగే ఓక్ చెక్కలోంచి దానిలోకి దిగే వాసనల్లో ఒకటి అచ్చంగా కొబ్బరి వాసనే. శాస్త్రవేత్తలు దానికి ‘విస్కీ లాక్టోన్’ అని పేరు కూడా పెట్టారు. కొబ్బరిలో కొవ్వుంది, నమిలేందుకు పని ఉంది. ఎండుకొబ్బరి ముక్క నోట్లో ఉండగా గుక్క మీద గుక్క వేయడం కుదరదు. పల్లీలూ అంతే. చీజ్ చేసే పనంతా బతుకమ్మ ఫలహారాల డబ్బాలోనే ఉంది.

గంటన్నర గడిచింది. పోసుకున్న రెండు వేళ్ల మందంలో ఇంకా కాస్త మిగిలే ఉంది. ఆమె సీసాను దీపం వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది.

‘ఈ సీసా మీ దిక్కు ఎన్ని దినాలొస్తదిరా?’

‘ఎవరన్నా వస్తే తప్ప నేను తియ్యనమ్మా. రెండు నెలలన్న వస్తది.’

ఆమె పెదాలు కదిలాయి. ఫుల్లులో నాలుగు క్వార్టర్లు, నెలకు ముప్ఫయ్, ఏడాదికి... అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది. మూత గట్టిగా బిగించి, సీసాను బీరువాలో చీరల వెనక పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగుకు ముడేసుకుంటూ ‘సంక్రాంతికి తీద్దాం’ అంది.

పెద్దాయన ఇంకో కుడుకముక్క తీసుకున్నాడు.